చేతులే మాటలైన లారెంట్ క్లెర్క్ మాస్టారు



మా బరంపురంలో తెలుగు సంఘం తరఫున ప్రతి ఆదివారం పొద్దున చిన్నపిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతున్నాం. బడిలో ఒడియా, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలు ఇంటి భాషను మరిచిపోకూడదని మా తాపత్రయం. పోయినేడు ఒక పెద్దావిడ నాలుగేళ్ళ మనవరాలిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పాపకు పుట్టుకతోనే వినికిడి లేదు. మిగతా పిల్లల మధ్య కూర్చుంటే అదైనా కాస్త సందడిగా ఉంటుందని ఆవిడ ఆశ.

నాయనమ్మకూ మనవరాలికీ మధ్య ఒక సైగల వ్యవహారం ఉంది. నీళ్ళకొక సైగ, నిద్రకొక సైగ, కొళాయి వీధిలో ఉండే కుక్కకొక సైగ, ఊళ్ళో లేని నాన్నకొక సైగ. వాళ్ళిద్దరూ ఎడతెగకుండా మాట్లాడుకుంటూనే ఉంటారు. అది చూసి నేను పెద్దరికంతో ఒక సలహా ఇచ్చాను. సైగలు మానెయ్యండి, వాటికి అలవాటు పడితే పాపకు ఇక మాట రాదు అన్నాను. ఎవరో ఎప్పుడో అనగా విన్న మాటే తప్ప, నేను చదివిందీ కాదు, చూసిందీ కాదు. ఆవిడ నా మాటకు విలువిచ్చి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పాప కాసేపు ఆ చేతులకేసే చూస్తూ కూర్చుంది. తరవాత మూడు వారాలు వాళ్ళు రాలేదు.

వినికిడి లేని పిల్లలకు చాలాకాలం చదువు చెప్పి రిటైరైన ఒక మేడమ్ గారితో మాటల్లో ఈ సంగతి చెప్పాను. ఆమె నాకు బాగానే చీవాట్లు పెట్టి, ముందు లారెంట్ క్లెర్క్ గురించి చదవమన్నారు. నేను ముప్ఫై మూడేళ్ళు ఆఫీసులో క్లర్కుగా పని చేసినవాణ్ణి. ఆ పేరు వినగానే నవ్వొచ్చింది. చదివాక మాత్రం నవ్వు పోయింది. ఆయన జీవితాన్ని మన పాఠకులకూ చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. ఫ్రెంచివాళ్ళు ఆ పేరులో చివరి అక్షరం పలకరు. యానాంలోని మన పాఠకులకు అది కొత్త విషయం కాదు. అమెరికా వెళ్ళాక అందరూ క్లెర్క్ అనే పిలిచారు కనుక నేనూ అలాగే రాస్తాను.

పొయ్యిలో పడ్డ పిల్లవాడు

లారెంట్ క్లెర్క్ 1785 డిసెంబర్ 26న ఫ్రాన్సులో లియోన్ నగరానికి దగ్గరగా ఉన్న లా బాల్మ్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి దస్తావేజులు రాసే నోటరీ, ఊరికి పెద్ద. ఉన్నంతలో కలిగిన కుటుంబమే. ఏడాది పిల్లవాడిగా ఉన్నప్పుడు వంటింట్లో కుర్చీ మీద కూర్చోబెట్టి ఇంట్లోవాళ్ళు ఒక క్షణం అటు తిరిగారు. పిల్లవాడు కుర్చీలోంచి పొయ్యిలో పడిపోయాడు. కుడి చెంప కాలింది. ఆ మచ్చ జీవితాంతం ఉండిపోయింది.

పిల్లవాడికి వినపడదనీ, వాసన కూడా తెలియదనీ ఆ తరవాత తెలిసింది. పొయ్యిలో పడటం వల్లే ఇలా అయిందని తల్లిదండ్రులు నమ్మారు. పుట్టుకతోనే వినికిడి లేదో, ప్రమాదం వల్ల పోయిందో క్లెర్క్‌కు కూడా చివరిదాకా తెలియలేదు. తల్లిదండ్రులు వైద్యం చేయించారు, ఫలితం లేకపోయింది.

పన్నెండేళ్ళ దాకా ఆ పిల్లవాడికి బడి లేదు, అక్షరం లేదు. ఇంటి పశువుల వెంట, పొలాల వెంట తిరిగాడు. తినడానికీ, పడుకోవడానికీ, పనులకీ సరిపడా కొన్ని ఇంటి సైగలు ఉండేవి. అంతకు మించి అతనికి ఏ భాషా లేదు. ఇది మనం ఒక్క నిమిషం ఆగి ఆలోచించవలసిన విషయం. మామూలు పిల్లవాడు అయిదేళ్ళు వచ్చేసరికి ఎందుకు, ఎలా, ఎప్పుడు అని అడిగి అడిగి పెద్దవాళ్ళ ప్రాణం తీస్తాడు. క్లెర్క్‌కు పన్నెండేళ్ళు వచ్చినా ఆ ప్రశ్న అడిగే సాధనం లేదు. తెలివికి కొదవ లేదని తరవాతి కథ చెబుతుంది. కొదవల్లా భాషకే.

పారిస్ బడి

1797లో తన పేరే ఉన్న పెద్ద బంధువు ఒకాయన పారిస్ తీసుకెళ్ళి బధిరుల జాతీయ విద్యాలయంలో చేర్పించాడు. ఆ బడి కథ కూడా కొంచెం చెప్పాలి. షార్ల్-మిషెల్ ద లెపే అనే క్రైస్తవ గురువు 1760 ప్రాంతంలో తన సొంత డబ్బుతో దాన్ని మొదలుపెట్టాడు. అంతకుముందు బధిరులకు చదువు చెప్పే పంతుళ్ళు లేకపోలేదు. కానీ వాళ్ళు డబ్బున్నవాళ్ళ పిల్లలను ఒక్కొక్కరిగా తీసుకుని, నోటితో మాట్లాడించడమే గొప్పగా భావించి, తమ పద్ధతిని కుటుంబ రహస్యంలా దాచుకునేవారు. లెపే గారు బీదాబిక్కీ తేడా లేకుండా అందరినీ ఒకచోట కూర్చోబెట్టాడు. పారిస్ వీధుల్లో బధిరులు తమలో తాము చేసుకుంటున్న సైగలను గమనించి, ముందు తాను నేర్చుకుని, వాటి మీదుగా ఫ్రెంచి భాష నేర్పాడు. పిల్లవాడికి తెలిసిన దానిలోంచి తెలియనిదాన్ని నేర్పాలన్నది ఆయన సూత్రం. ఇంటి భాష మీదుగా బడి భాష నేర్పాలని మనం దశాబ్దాలుగా అంటున్నది కూడా ఇదే.

లెపే గారు 1789లో పోయాక సికార్ అనే మరో గురువు ఆ బడికి పెద్ద అయ్యాడు. క్లెర్క్ చేరేసరికి అక్కడ జాన్ మాస్యూ అనే యువ అధ్యాపకుడు ఉన్నాడు. ఆయనా బధిరుడే. ఒక పేద ఇంట్లో ఆరుగురు పిల్లలు పుడితే ఆరుగురూ వినికిడి లేనివాళ్ళే, వాళ్ళలో ఒకడు మాస్యూ. తనలాంటి మనిషే మాస్టారుగా నిలబడి బల్ల మీద సుద్దతో రాస్తుంటే చూడటం క్లెర్క్‌కు జీవితంలో మొదటిసారి. సైగల భాష కొద్ది నెలల్లో వచ్చేసింది. దాని వెనకే రాత, వ్యాకరణం, లెక్కలు, చరిత్ర వచ్చాయి. అక్కడి పిల్లలు అతని చెంప మీది మచ్చను బట్టి రెండు వేళ్ళు చెంప మీదుగా కిందికి జార్చి, దాన్నే అతని పేరుగా పెట్టారు. ఇవాళ్టికీ ఆయన సైగ పేరు అదే. మనలోనూ మనిషి పోలికను బట్టో, పనిని బట్టో పేరు పెట్టి పిలుచుకోవడం ఉన్నదే కదా.

ఆ బడిలో నోటితో పలికించే క్లాసు కూడా ఒకటి ఉండేది. అక్కడి గురువు ద, త శబ్దాల తేడా పలకమని క్లెర్క్ వెంటపడ్డాడు. తెలుగువాళ్ళం మనకు ఆ రెండక్షరాలు వేరువేరుగా స్పష్టంగానే వినిపిస్తాయి. వినపడనివాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? రెండింటికీ నాలుక తగిలేది ఒకే చోట. బయటికి చూస్తే పెదవుల కదలిక ఒక్కటే. పిల్లవాడు ఎన్నిసార్లు ప్రయత్నించినా తప్పే వచ్చింది. ఒకరోజు ఆ గురువుకు కోపం వచ్చి గడ్డం కింద గట్టిగా కొట్టాడు. పిల్లవాడి నాలుక పళ్ళ మధ్య పడి తెగింది. ఇక జన్మలో నోరు తెరిచి మాట్లాడకూడదని క్లెర్క్ ఆరోజే నిశ్చయించుకున్నాడు. ఆ మాట మీదే చివరిదాకా నిలబడ్డాడు.

చదువు పూర్తయ్యాక ఇరవై ఏళ్ళ వయసులో అదే బడిలో సహాయక ఉపాధ్యాయుడయ్యాడు. కొన్నేళ్ళకు పై తరగతులకు చెప్పే స్థాయికి వచ్చాడు.

హార్ట్‌ఫర్డ్‌లో ఒక చిన్నపాప

ఇప్పుడు సముద్రం అవతలికి వెళ్దాం. అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ అనే ఊరు. అక్కడ మేసన్ కాగ్స్‌వెల్ అనే పేరున్న సర్జన్. ఆయన కూతురు ఆలిస్‌కు రెండేళ్ళ వయసులో జ్వరం వచ్చి వినికిడి పోయింది. అప్పటిదాకా వచ్చిన నాలుగు మాటలూ క్రమంగా పోయాయి. అమెరికాలో అలాంటి పిల్లలకు పర్మనెంటు బడి అనేది ఒక్కటీ లేదు.

1814లో ఒకరోజు పక్కింటి పిల్లలు ఆడుకుంటుంటే ఆలిస్ ఒంటరిగా నిలబడి ఉంది. ఆ పిల్లల అన్నగారు థామస్ హాప్కిన్స్ గాలాడెట్ అప్పటికి పాతికేళ్ళు దాటిన యువకుడు. యేల్ కాలేజీలో చదివి, మతబోధకుడు కావడానికి శిక్షణ పొందినవాడు. ఆ పాప దగ్గరకు వెళ్ళి తన టోపీ చూపించి, నేల మీద పుల్లతో టోపీ అనే మాట రాశాడు. మళ్ళీ టోపీ, మళ్ళీ అక్షరాలు. కాసేపటికి ఆ గీతలు ఆ వస్తువుకే చెందినవని పాపకు అర్థమైంది. గాలాడెట్ జీవితం ఆ మధ్యాహ్నంతో దారి మళ్ళింది.

కాగ్స్‌వెల్ గారు ఊరి పెద్దలను కూడగట్టి చందాలు వేయించి, ఈ విద్య నేర్చుకురమ్మని 1815లో గాలాడెట్‌ను ఐరోపా పంపారు. ఆయన మొదట బ్రిటన్ వెళ్ళాడు. అక్కడ బ్రెయిడ్‌వుడ్ కుటుంబం నోటి మాట పద్ధతిలో బళ్ళు నడుపుతోంది. వాళ్ళు ఏళ్ళ తరబడి తమ దగ్గరే పని చేయాలనీ, నేర్చుకున్నది ఎవరికీ చెప్పకూడదనీ షరతులు పెట్టారు. ఊరి చందాలతో వచ్చిన మనిషి దానికి ఒప్పుకోలేకపోయాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సికార్ గారు మాస్యూనూ క్లెర్క్‌నూ వెంటబెట్టుకుని లండన్‌లో ప్రదర్శనలు ఇస్తున్నారు. సభలో ఎవరైనా ఏ ప్రశ్నైనా అడగవచ్చు. దాన్ని సైగల్లోకి మారిస్తే, ఆ ఇద్దరూ బల్ల మీద చక్కని ఫ్రెంచిలో జవాబు రాసేవారు. దేవుడు, మనసు, కాలం లాంటి కంటికి కనపడని సంగతుల మీద కూడా. గాలాడెట్ అది చూసి ఆశ్చర్యపోయాడు. పారిస్ వస్తే ఉచితంగా నేర్పుతామని సికార్ అన్నారు. 1816లో గాలాడెట్ పారిస్ వెళ్ళి క్లెర్క్ దగ్గర కూర్చుని పాఠాలు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. కొన్ని నెలల్లోనే చేతిలో డబ్బు తరిగిపోయింది, నేర్చుకోవలసింది ఇంకా చాలా ఉంది. ఒక ఉపాయం తోచింది. తాను నేర్చుకుని వెళ్ళే కంటే మాస్టారినే వెంట తీసుకెళ్తే పోదా?

యాభై రెండు రోజుల ప్రయాణం

క్లెర్క్ ఒప్పుకున్నాడు. సికార్ గారికి ఇష్టం లేదు, మంచి ఉపాధ్యాయుణ్ణి వదులుకోవాలి. ఊళ్ళో తల్లి వద్దంది. కొడుకు వినలేడు, అక్కడి భాష రాదు, మధ్యలో మహాసముద్రం. వలస పోయిన ఇళ్ళవాళ్ళం, ఆ తల్లి బాధ మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. మూడేళ్ళ ఒప్పందం మీద ఆయన బయలుదేరాడు.

1816 జూన్ 18న లె హావ్ర్ రేవులో ఓడ ఎక్కారు. ఆగస్టు 9న న్యూయార్క్‌లో దిగారు. ఆ యాభై రెండు రోజులు ఓడలో ఇద్దరూ ఊరికే కూర్చోలేదు. క్లెర్క్ గాలాడెట్‌కు సైగలు నేర్పాడు. గాలాడెట్ క్లెర్క్‌కు ఇంగ్లీషు నేర్పాడు. రోజూ ఇంగ్లీషులో డైరీ రాయడం, దాన్ని దిద్దించుకోవడం. ఓడ దిగేసరికి తప్పులు తడకలతోనైనా ఇంగ్లీషులో తన మనసులో మాట రాయగలిగాడు. సైగల భాష, ఫ్రెంచి తరవాత అది ఆయనకు మూడో భాష. అదీ ముప్ఫై ఏళ్ళ వయసులో. రెండు భాషలు ఎక్కువైపోతాయని పిల్లల విషయంలో భయపడే మనం ఈ డైరీని గుర్తు పెట్టుకోవాలి. ఒక భాష గట్టిగా ఉన్నవాడికి రెండోది మూడోది దాని మీద నిలబడుతుంది.

ఆగస్టు 22న హార్ట్‌ఫర్డ్ చేరారు. బడికి వెళ్ళిన ఆలిస్‌ను పిలిపించారు. అప్పటికి ఆ పిల్లకు పదకొండో ఏడు నిండబోతోంది. తనలాగే వినపడని పెద్దమనిషి ఒకరు ఉంటారని ఆమె ఎన్నడూ చూసి ఎరగదు. ఇద్దరూ సైగలతో మాట్లాడుకున్నారు. ఏ పాప కోసం ఊరంతా చందాలు వేసిందో, ఆ పాపను చూశాక తాను వచ్చిన పని ఏమిటో క్లెర్క్‌కు తెలిసింది.

ఏడుగురితో మొదలైన బడి

తరవాతి ఎనిమిది నెలలూ ఊళ్ళు తిరగడమే. బోస్టన్, ఆల్బనీ, ఫిలడెల్ఫియా లాంటి చోట్ల సభలు పెట్టారు. క్లెర్క్ రాసుకొచ్చిన ప్రసంగాన్ని గాలాడెట్ చదివేవాడు. సభికుల ప్రశ్నలకు క్లెర్క్ అక్కడికక్కడే జవాబు రాసేవాడు. వినపడనివాడికి బుద్ధి ఉండదనుకునే జనానికి ఆ బల్ల మీది రాతే సమాధానం. చందాలు వచ్చాయి. కనెటికట్ శాసనసభ 5,000 డాలర్లు మంజూరు చేసింది. సంఘాల కోసం రశీదు పుస్తకం పట్టుకుని తిరిగిన మనలాంటివాళ్ళకు ఆ తిరుగుడు ఎంత కష్టమో తెలుసు. ఆయన భాష రాని దేశంలో, వినపడని చెవులతో ఆ పని చేశాడు.

1817 ఏప్రిల్ 15న హార్ట్‌ఫర్డ్‌లో ఒక హోటల్లో అద్దెకు తీసుకున్న గదుల్లో బడి తెరిచారు. మొదటి రోజు ఏడుగురు విద్యార్థులు. చిట్టాలో మొదటి పేరు ఆలిస్ కాగ్స్‌వెల్. ఆ ఏడుగురిలోనే జాన్ బ్రూస్టర్ అనే యాభై ఒక్కేళ్ళ చిత్రకారుడు ఉన్నాడు. మనుషుల బొమ్మలు గీసి అప్పటికే పేరు తెచ్చుకున్న మనిషి, చదువుకోవడానికి పిల్లల పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

క్రమంగా అన్ని వైపుల నుంచి పిల్లలు వచ్చారు. ఒక్కొక్కరూ తమ ఇంటి సైగలు వెంట తెచ్చుకున్నారు. మార్తాస్ వినియార్డ్ అనే దీవి నుంచి కొందరు వచ్చారు. ఆ దీవిలో తరతరాలుగా చాలా కుటుంబాల్లో బధిరులు పుట్టడం వల్ల వినపడేవాళ్ళు కూడా సైగల భాష మాట్లాడేవారు. ఇక్కడ బధిరుడు వేరు, మామూలు మనిషి వేరు అనే మాటే లేదు. క్లెర్క్ తెచ్చిన ఫ్రెంచి సైగలు, దీవి సైగలు, పిల్లల ఇంటి సైగలు అన్నీ ఆ బడి ఆవరణలో కలిసిపోయాయి. ఇప్పుడు అమెరికా సైగల భాష అంటున్నది అలా పుట్టింది. భాషలు కలిసే ఊళ్ళలో బతికే మనకు ఇది వింతగా తోచదు. మన బరంపురం తెలుగు, బళ్ళారి తెలుగు, హోసూరు తెలుగు, షోలాపూరు తెలుగు అన్నీ ఇరుగుపొరుగు భాషలను కలుపుకునే కదా బతుకుతున్నాయి.

1818లో క్లెర్క్ వాషింగ్టన్ వెళ్ళి చట్టసభ చూశాడు, అధ్యక్షుడు మన్రోను కలిశాడు. మరుసటి ఏడు కేంద్ర చట్టసభ ఆ బడికి సుమారు 23,000 ఎకరాల ప్రభుత్వ భూమి ఇచ్చింది. అది అమ్మగా వచ్చిన సొమ్ము బడికి మూలధనమైంది. ఆ బడి ఇవాళ్టికీ వెస్ట్ హార్ట్‌ఫర్డ్‌లో నడుస్తోంది.

ఇల్లు, పిల్లలు

1819 మే 3న క్లెర్క్ తన పూర్వ విద్యార్థిని ఎలైజా బోర్డ్‌మన్‌ను పెళ్ళాడాడు. ఆమె కూడా బధిరురాలే. ఇద్దరు బధిరులు పెళ్ళి చేసుకుంటే ఎలాగని చుట్టుపక్కల సందేహాలు. మొదట గాలాడెట్‌కు కూడా అది నచ్చలేదు. కానీ రెండేళ్ళకు 1821లో గాలాడెట్ తానే సోఫియా ఫౌలర్ అనే బధిర విద్యార్థినిని పెళ్ళి చేసుకున్నాడు.

క్లెర్క్ దంపతులకు పుట్టిన పిల్లలందరూ వినగలిగినవారే. ఊరివాళ్ళ సందేహాలకు ఆ ఇల్లే జవాబు. తల్లీ తండ్రీ నోరు విప్పరు, ఇంట్లో నడిచేదంతా చేతుల భాష. అయినా పిల్లలకు మాట ఆగలేదు. అమ్మానాన్నల దగ్గర సైగలు, బయటివాళ్ళ దగ్గర ఇంగ్లీషు, రెండూ సహజంగా వచ్చాయి. ఒక కొడుకు ఫ్రాన్సిస్ తరవాత చర్చి గురువై బధిరులకు పాఠాలు కూడా చెప్పాడు. గాలాడెట్ ఇంట్లోనూ అంతే. చిన్న కొడుకు ఎడ్వర్డ్ తల్లి చేతుల్లోంచి సైగల భాష నేర్చుకుని, పెద్దయ్యాక వాషింగ్టన్‌లో బధిరుల కళాశాలకు అధిపతి అయ్యాడు.

క్లెర్క్ మూడేళ్ళ ఒప్పందం మీద వచ్చిన మనిషి, నలభై ఒక్కేళ్ళు ఉండిపోయాడు. మధ్యలో మూడుసార్లు ఫ్రాన్స్ వెళ్ళొచ్చాడు. 1821, 22ల్లో కొన్ని నెలలు ఫిలడెల్ఫియా బడిని గాడిలో పెట్టాడు. ఇతర రాష్ట్రాల్లో కొత్తగా బళ్ళు తెరిచేవాళ్ళు ఆయన దగ్గరకు వచ్చి నేర్చుకుని వెళ్ళేవారు. ఆయన శిష్యుల్లో చాలామంది తామే మాస్టార్లయ్యారు. ఆలిస్ మాత్రం ఎక్కువకాలం బతకలేదు. 1830 డిసెంబర్లో తండ్రి చనిపోతే ఆ దిగులుతో కొద్ది రోజులకే పాతికేళ్ళ వయసులో ఆమె కూడా కన్నుమూసింది.

1850లో దేశం నలుమూలల నుంచి వందలాది బధిరులు హార్ట్‌ఫర్డ్ వచ్చి గాలాడెట్‌కూ క్లెర్క్‌కూ వెండి పాత్రలు బహూకరించారు. చదువుకుని, ఉద్యోగాలు చేసుకుంటూ, తమ సంపాదనలోంచి చందా వేసి కొన్న పాత్రలవి. మరుసటి ఏడు గాలాడెట్ పోయాడు. క్లెర్క్ 1858లో డెబ్బై రెండేళ్ళ వయసులో పదవీ విరమణ చేశాడు. బధిరుల కళాశాలకు పట్టాలిచ్చే అధికారం కల్పించే చట్టం మీద లింకన్ సంతకం చేసింది 1864లో. ఆ ఏడు జూన్ 28న జరిగిన ప్రారంభోత్సవానికి డెబ్బై ఎనిమిదేళ్ళ క్లెర్క్ హాజరై ప్రసంగించాడు. యాభై ఏళ్ళ దాంపత్యం నిండిన రెండున్నర నెలలకు 1869 జులై 18న హార్ట్‌ఫర్డ్‌లో కన్నుమూశాడు.

తరవాత జరిగిన అన్యాయం

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. ఆయన పోయిన పదకొండేళ్ళకు 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిరుల ఉపాధ్యాయుల అంతర్జాతీయ సభ జరిగింది. 164 మంది ప్రతినిధుల్లో బధిరుడు ఒకే ఒక్కడు. నోటి మాటే గొప్పదనీ, బళ్ళలో సైగలు పనికిరావనీ తీర్మానం చేశారు. అమెరికా ప్రతినిధులు వద్దన్నా చెల్లలేదు. ఎవరి భాష గురించి తీర్మానమో వాళ్ళనే అడగలేదు.

దాని ఫలితం వంద ఏళ్ళు నడిచింది. ఎన్నో దేశాల బళ్ళలో పిల్లల చేతులు కట్టించారు, సైగ చేస్తే శిక్షించారు. బధిర ఉపాధ్యాయుల ఉద్యోగాలు పోయాయి. క్లెర్క్ నాలుక తెగిన పద్ధతే మళ్ళీ రాజ్యం చేసింది. కొందరికి మాట వచ్చింది. చాలామందికి నోటి మాటా రాలేదు, చేతి భాషా దక్కలేదు. 1960లో విలియం స్టోకీ అనే ఆచార్యుడు సైగల భాషకు కూడా సొంత వ్యాకరణం ఉందనీ, అది పూర్తి స్థాయి భాషేననీ చూపించాక గాలి మళ్ళింది. చివరికి 2010లో వాంకూవర్‌లో జరిగిన అలాంటి అంతర్జాతీయ సభే పాత తీర్మానాలను తోసిపుచ్చి విచారం తెలిపింది.

మన ఇళ్ళకు సంబంధించిన మాట

అమెరికా లెక్కల ప్రకారం వినికిడి లేని పిల్లల్లో పదింట తొమ్మిదిమందికి పైగా వినపడే తల్లిదండ్రులకు పుట్టినవారే. అంటే ఇంట్లో సైగల భాష వచ్చినవాళ్ళు ఎవరూ ఉండరు. పిల్లకు మొదటి అయిదేళ్ళు చాలా విలువైనవి. ఆ వయసులో ఏదో ఒక భాష కళ్ళ ముందు నిండుగా నడుస్తుండాలి. అది చెవిలోంచి వస్తుందా, కంట్లోంచి వస్తుందా అన్నది మెదడుకు పట్టింపు లేదు. సైగల భాష మాట్లాడే తల్లిదండ్రుల పసిపిల్లలు మిగతా పిల్లలు ముద్దుమాటలు మాట్లాడే వయసుకే చేతివేళ్ళతో ముద్దుసైగలు చేస్తారని పరిశోధకులు గమనించారు. ఇంట్లో సైగలు ఉంటే మాట రాకుండా పోతుందనడానికి ఆధారం లేదు. వినికిడి యంత్రం పెట్టించినా, చెవి లోపల అమర్చే పరికరం వేయించినా, అది పని చేసేదాకా పిల్లను ఏ భాషా లేకుండా ఉంచడమే అసలు ప్రమాదం.

వినపడే పసిపిల్లలకు కూడా నోటి కంటే చెయ్యి ముందు స్వాధీనంలోకి వస్తుంది. పాలు, ఇంకా, చాలు లాంటి నాలుగు సైగలు నేర్పితే ఏడుపు కొంత తగ్గవచ్చు. దానివల్ల పిల్లలు మేధావులైపోతారని చెప్పే ప్రకటనలను నమ్మనక్కర్లేదు, నష్టమైతే లేదు. టాటా చెప్పడం, చందమామను పిలవడం, దణ్ణం పెట్టడం మన ఇళ్ళలో పిల్లలకు మాటల కంటే ముందు వచ్చేవే.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సంజ్ఞా భాషను గుర్తించింది. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం పదివేల పదాల నిఘంటువును వీడియోలుగా తయారుచేసి ఎవరైనా చూసేలా ఉంచింది. పిల్లలకు ఏడాది దాటినా పిలిస్తే తిరగకపోతే, మాట ఆలస్యమైతే, మొండితనమనో, వంశంలో ఉందనో ఊరుకోకుండా ముందు వినికిడి పరీక్ష చేయించండి. కర్ణాటకలోని మనవాళ్ళకు మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. మహారాష్ట్రవాళ్ళకు ముంబయిలో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఉంది. తమిళనాడులో పాళయంకోట్టైలోని ఫ్లారెన్స్ స్వెయిన్సన్ బధిరుల పాఠశాల చాలా పాతది. ఏ భాషలో చదివించాలన్న సందేహం తరవాత తీర్చుకోవచ్చు.

ఇదంతా చదివాక నేను ఆ నాయనమ్మ గారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. ఆవిడ పెద్దగా ఏమీ అనలేదు, మానలేదని మాత్రం చెప్పింది. నా ముందు మానింది గానీ ఇంటికి వెళ్ళాక పాప ఆకలని సైగ చేస్తే తన చేతులు వాటంతట అవే లేచాయట. నా సలహా ఆ గడప దాటనందుకు నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

పాప ఇప్పుడు మళ్ళీ ఆదివారాలు వస్తోంది. మేడమ్ గారు నెలకు రెండుసార్లు వచ్చి అరగంట భారతీయ సంజ్ఞా భాష చెబుతున్నారు. మిగతా పిల్లలు మాకంటే త్వరగా పట్టుకుంటున్నారు. అమ్మ అనే మాటను మొదట సైగ చేసి, తరవాత పలక మీద తెలుగులో రాయిస్తున్నాం. పాప అ రాస్తుంది, మ్మ దగ్గర ఒత్తు మరిచిపోతుంది. ఒత్తు మరిచిపోయే పిల్లలు మా క్లాసులో ఇంకా అయిదుగురున్నారు, వాళ్ళకు బాగానే వినపడుతుంది.

మీ ఊరి సంఘాల్లో కూడా తెలుగు తరగతులు నడుపుతున్నవారు ఇలాంటి పిల్లలుంటే తలుపు తీసి ఉంచమని మనవి. మన భాష కోసం మనం అడుగుతున్నదేమిటో ఆ పిల్లలూ అదే అడుగుతున్నారు.

— తెలుగు సంఘం కార్యదర్శి, బరంపురం